మూడో లాటు దాటేదాకా

మా అన్న గాలయ్య చనిపోయిన రోజు పొద్దున ఒక కొత్త పార్టీకి ఫోన్ చేశాడు. మంచం అంచున కూర్చుని, ఒక చేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని, తనకు వచ్చిన హిందీలో మాల్ ముట్టిందా అని అడిగాడు. విప్పి చూశారా, మడత నచ్చిందా, ఇంకోలా మడవాలా అని అడిగాడు. అవతలి మనిషి ఇంకా విప్పలేదన్నట్టున్నాడు. విప్పాక మళ్లీ తానే చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

మా వదినె శాంతాబాయి వంటింట్లోంచి, "ఇగ ఆయన బట్ట విప్పేదాక మనింట్ల నాష్టా లేదు" అంది.

అన్న నవ్వి ఛాతీ మీద చేయి పెట్టుకున్నాడు. కొంచెం బరువుగా ఉందన్నాడు. నేను ఆటో తెచ్చేసరికి మాట పోయింది. అది 2006 ఆగస్టు. ఆయనకు యాభై ఆరేళ్లు.

బొంబాయి పక్క మా భివండిలో పార్టీ అంటే బట్ట నేయించుకునే వ్యాపారి. నూలు చుట్టిన బీములు వాళ్లు పంపుతారు. మేం మా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద నేసి, రంగు వేయని కోరా బట్ట పంపుతాం. సాంచెలు మావి, నూలు వాళ్లది. కాబట్టి పార్టీ ఎప్పుడైనా పోవచ్చు. గొడవపడి పోరు. వచ్చే వారం బీములు పంపుతామంటారు, ఆ వారం మాత్రం రాదు. మేముండే నాగావ్‌లో ఏ షెడ్డుకు పోయినా ఇదే భయం. కొత్త పార్టీని పట్టుకురావడం ఎవరికైనా చేతనవుతుంది. మూడు లాట్లు, అంటే మూడు విడతల మాల్, దాటేదాకా నిలుపుకోవడమే కష్టం. మా అన్న బతుకంతా ఆ కష్టంలోనే గడిచింది. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా ఆయన కాలు ఊగుతూనే ఉండేది.

పదిహేడేళ్లప్పుడు సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి, పరాయి షెడ్లలో పద్దెనిమిదేళ్లు సాంచె నడిపాడు. అమ్మ పోయాక తొమ్మిదేళ్ల నన్ను తెచ్చి ఇక్కడి తెలుగు బడిలో వేశాడు. 1985లో రేకుల షెడ్డులో నాలుగు పాత సాంచెలు పెట్టాడు. అవి తొంభై రెండు నాటికి పన్నెండయ్యాయి. నేను ఆయన పక్కనే ఉండి పని నేర్చుకున్నాను.

ఎనభై తొమ్మిదిలో ఒక పార్టీ చెప్పాపెట్టకుండా పోయింది. మిగతావాళ్లయితే రెండు రోజులు తిట్టుకుని ఊరుకునేవాళ్లు. మా అన్న బొంబాయి పోయి, కాల్బాదేవిలో ఆ సేఠ్ గద్దీ ముందు కూర్చున్నాడు. మళ్లీ పని అడగనని, తప్పేమిటో చెబితే చాలని అన్నాడు. ఆ సేఠ్ మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, చివరికి విసుగ్గా ఒక మాట చెప్పాడట. "నీ పని చెడ్డది కాదు. ప్రతి తాకాలో రెండు మూడు తప్పులుంటాయి, ఎవరు నేసినా ఉంటాయి. కానీ నీవాటిని మేమే వెతుక్కోవాలి." తాకా అంటే సాంచె మీద నుంచి కోసిన వంద మీటర్ల బట్ట. దాన్ని బల్ల మీద పరిచి, మీటరు మీటరు చూసి తప్పులు పట్టడానికి పార్టీల దగ్గర మనుషులుంటారు. ఎంత చూసినా కొన్ని జారిపోతాయి.

అన్న ఆ సాయంత్రం ఎర్ర దారం ఉండ ఒకటి కొనుక్కొచ్చాడు. అప్పటి నుంచి మా షెడ్డులో ఒక పద్ధతి మొదలైంది. నేసే మనిషి పోగు తెగినా, నూనె మరక పడినా, ఆ తప్పుకు ఎదురుగా బట్ట అంచుకు ఎర్ర దారం, మా షెడ్డు మాటలో ధాగ, ముడి వేయాలి. తప్పు మనదే, చూపించేదీ మనమే. పార్టీ వెతుక్కునే పని లేదు.

ఈ పద్ధతి నాకు నచ్చలేదు. ఒకసారి తెగించి అడిగాను.

"అన్న, పక్క షెడ్డోళ్లు దాస్తున్నరు. మనం దండోరా ఏసి సూపిస్తున్నం."

"దాసినోళ్ల కాడ ఏ పార్టీ నిలిచింది, చెప్పు."

"మన కాడ మాత్రం ఎందరు నిలిచిన్రు?"

ఆయన వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. తర్వాత ఎర్ర దారం ఉండ నా ఒళ్లోకి విసిరాడు.

నిజానికి దారం ఒక్కటే కాదు. కొత్త పార్టీ అంటే ఆయనకు పెద్ద తతంగం. బీములు దిగకముందే ఆ మనిషి దగ్గరికి పోయి మొదట ఒకే ప్రశ్న అడిగేవాడు. ఇంతకుముందు నేసినవాడితో మీకేం ఇబ్బంది అయింది అని. ధర మాట్లాడటానికి సిద్ధమై కూర్చున్న మనిషి ఈ ప్రశ్నకు తడబడేవాడు. తర్వాత ఒక్కొక్కటీ బయటికి వచ్చేవి. తర్వాత ఆ పార్టీ నాగావ్‌కు వచ్చి, చెవులు చిల్లులుపడే మోతలో నిలబడి, తన బట్ట నేసే మనిషిని కళ్లారా చూడాలి. మొదటి మూడు లాట్లకు, మాల్ ముట్టిన మర్నాడు అన్న ఫోన్ చేయాలి. అన్నీ అయ్యేదాకా ఆయన కంచం ముందు కూర్చున్నా మెతుకు సరిగ్గా దిగేది కాదు.

మా వదినె ఏడిపించేది. "నన్ను సూడనొచ్చిననాడు నోరు తెరవలే ఈయన. పేరు గూడ అడగలే. సేఠ్‌లనయితే ఎన్ని అడుగుతడో సూడు."

"నిన్ను అడిగేదేముండె, మీ నాయిన అన్నీ చెప్పిండు గద" అనేవాడు అన్న.

"మా నాయిన నాలుగో నెంబర్ సాంచె ముచ్చట చెప్పలే గద నాకు." ఆ సాంచె మొరాయించినప్పుడల్లా అన్న రాత్రంతా షెడ్డులోనే ఉండిపోయేవాడు.

2001 దీపావళి తర్వాత, తొమ్మిదేళ్లు ఉన్న మా పాత పార్టీ పోయింది. సూరత్‌లో కొత్త మిషన్లు పెట్టుకున్నారట. పన్నెండు సాంచెలూ ఆగిపోయాయి. మా చెవులకు ఆ నిశ్శబ్దం పడలేదు. మాట్లాడుతుంటే ఊరికే గొంతు పెంచేవాళ్లం. ఆ రోజుల్లో నాగావ్ గల్లీల్లో పాత ఇనుము కొనేవాళ్లు తిరుగుతుండేవారు. పక్క షెడ్డులో సాంచెలను సుత్తెలతో పగలగొట్టి, తూకానికి ఎక్కించి తీసుకుపోయారు. మా పెద్దులు గుమ్మంలో నిలబడి చూసి వచ్చాడు. పెద్దులు పదేళ్లుగా మా దగ్గర నేస్తున్న మనిషి, కరీంనగర్ వైపు వాడు, ఊళ్లో గుంట భూమి లేదు.

"సేఠ్, సంక్రాంతి దాక సూస్త. గింతల పనొస్తే ఉంట. లేకుంటే పెండ్లాం పిల్లలను తీసుకొని పోత" అన్నాడు.

"పోయి ఏం జేస్తవు?"

"గది తెలిస్తే ఈడికి ఎందుకొస్తుంటి?"

అన్న అదే వారం పంకజ్‌భాయ్‌ని పట్టుకున్నాడు. పంకజ్‌భాయ్‌కి కాశేలిలో గోదాము ఉంది. కోరా బట్ట అక్కడ దింపి, రంగులకు పంపుతాడు. ఇదివరకు నేసినవాడితో ఏం ఇబ్బంది అని అన్న అడిగితే, "ఫోన్ ఎత్తరు. మాల్ ఎక్కడుందో చెప్పేవాడు ఉండడు" అన్నాడట. అన్న ఇంటికి వచ్చి ఫోన్ తీసి మా వదినె కూర్చునే పీట పక్కన పెట్టాడు. మూడుసార్లు మోగకముందే ఎత్తాలని చెప్పాడు. వదినె హిందీ అంతంత మాత్రం. "హలో, గాలయ్య కార్ఖానా, మాల్ తయ్యార్ హై" అని నేర్చుకుంది. అడిగినా అడగకపోయినా ఎవరు చేసినా అదే చెప్పేది.

పంకజ్‌భాయ్ నాగావ్ వచ్చిన రోజు మిగిలిన పాత నూలుతో రెండు సాంచెలు నడిపించాం. మా అన్న ఆయన్ని నేరుగా నాలుగో నెంబరు సాంచె దగ్గర నిలబెట్టాడు. "ఇది ముసలిది. దీని మీద మీ బీము వేయను. వేయాల్సి వస్తే ముందు చెబుతా" అన్నాడు. పెద్దులును పిలిచి, "మీ బట్ట నేసేది ఇతను" అని చూపించాడు. ఆ మోతలో పంకజ్‌భాయ్ అన్న చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "నన్ను పిలిచింది పని అడగడానికా, భయపెట్టడానికా?" అరుస్తూనే నవ్వాడు. బీములు వచ్చాయి.

మొదటి లాటు ముప్పై తాకాలు. అంచులకు నలభై దాకా ఎర్ర దారాలు. అది చూసి ఆయన పారిపోతాడనుకున్నాను. మర్నాడు అన్న ఫోన్ చేస్తే, పని తొందరగా అయిందన్నాడు, తన మనుషులు దారాలున్న చోట మాత్రమే చూశారట. రెండో లాటుకు ఆయన నమ్మకం ఇంకో మెట్టు ఎక్కింది. మా తాకాలను బల్ల మీద పరచడమే మానేశారు. దారం ఉన్న చోట కోయడం, మిగతాది నేరుగా రంగుకు పంపడం. అన్న ఆ మాట విని ఫోన్ పెట్టేసి, బయట అరుగు మీద అటూ ఇటూ నడిచాడు. సంతోషమో భయమో నాకు తెలియలేదు.

"ఇంక ఒక్కటి. గిది దాటితే నిలిచినట్టే" అన్నాడు.

ఆ మూడో లాటు సాంచెల మీద ఉండగా అన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. డాక్టరు లేవొద్దన్నాడు. షెడ్డు నా చేతికి వచ్చింది. అదే వారం కరెంటు ఆడుకుంది. పది నిమిషాలు ఉంటే అరగంట పోయేది. కరెంటు పోయినప్పుడల్లా సాంచె ఆగుతుంది. మళ్లీ నడిచినప్పుడు, ఆగిన చోట బట్టకు అడ్డంగా ఒక సన్నని గీత పడుతుంది. కోరా బట్టలో అది కంటికి ఆనదు. రంగు పడితే తేలుతుంది. పెద్దులు, మిగతావాళ్లు చెప్పినట్టే ఆగినప్పుడల్లా ముడి వేశారు. తాకాలు దిగాక చూస్తే అంచు పొడవునా ఎర్రగా ఉంది.

మధ్యాహ్నం అన్నానికి పోతే అన్న మంచం మీద నుంచి అడిగేవాడు.

"ఎన్నిసార్లు పోయింది కరెంటు?"

"రోజూ పోయినట్టే."

"ధాగలు ఎన్నయినయి?"

"మామూలే అన్న. నువ్వు పండుకో."

పంపాల్సిన రోజు మధ్యాహ్నం, పెద్దులు వాళ్లు తిండికి పోయినప్పుడు, మడత గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. తాకాల దొంతర ముందు కూర్చున్నాను. ఇంత ఎరుపు చూస్తే ఏ పార్టీ అయినా ఇంకో బీము పంపదని అనిపించింది. పక్క షెడ్డులో తూకం ఇనుము గుర్తొచ్చింది. మరకలవి, తెగిన పోగులవి ఉంచి, గీతల దగ్గర కట్టిన దారాలు ఒక్కొక్కటీ గోటితో ఊడదీశాను. కంటికి కనబడని తప్పుకు దారం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. యాభై రెండు తీశాను. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు. జేబులో వేసుకుపోయి నాలాలో పారేశాను. టెంపో కాశేలి పోయింది.

మూడు వారాల తర్వాత ఫోన్ మోగింది. వదినె ఎత్తి, "మాల్ తయ్యార్ హై" అని చెప్పబోయి మధ్యలో ఆగింది. ఫోన్ అన్నకు అందించింది. అన్న అప్పటికి లేచి తిరుగుతున్నాడు గాని కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. విని పెట్టేశాడు. తర్వాత షెడ్డుకు నడిచి వచ్చాడు.

"రంగు పడి వచ్చిందంట. గీతలే గీతలంట. ధాగ లేనికాడ" అన్నాడు. పెద్దులు వైపు తిరిగాడు. "తాకకు ఎన్ని కట్టినవు?"

"మూడు, నాలుగు. ఒకదానికి ఐదు గూడ కట్టిన సేఠ్. అంచంత ఎర్రగనే ఉండె" అని పెద్దులు నా వైపు చూశాడు.

నేను నూనె వేస్తున్నాను. ఆ సాంచెకు పొద్దున్నే వేశాను.

పంకజ్‌భాయ్ మనుషులు మా బట్టను చూడటం మానేసింది మా దారాన్ని నమ్మి. అన్న అన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న ఆ నమ్మకాన్నే నేను గోటితో పీకాను. పక్క షెడ్డువాడి బట్ట అయితే బల్ల మీదే దొరికిపోయేది, అంత నష్టం ఉండేది కాదు. ఈ సంగతి నాకు ఆ క్షణంలో అర్థమైంది.

"కిషన్, కాశేలి పోదాం రా" అన్నాడు అన్న.

"నాలుగో నెంబరు విప్పి పెట్టిన అన్న. నువ్వు పోయి రా."

ఆయన నాలుగో నెంబరు వైపు చూడలేదు. ఆటో ఎక్కి ఒక్కడే పోయాడు.

ఆ పూట ఎట్లా గడిచిందో చెప్పలేను. విప్పని సాంచెను విప్పాను, బిగించాను, మళ్లీ విప్పాను. పెద్దులు నాతో మాట్లాడలేదు. దీపాలు పెట్టే వేళకు అన్న తిరిగొచ్చాడు. గోడ పట్టుకుని కూర్చున్నాడు. కొట్టినా తిట్టినా బాగుండునని ఎదురు చూశాను.

"ఎల్లుండి బీములొస్తున్నయి. నాలుగో నెంబర్ అయిందా?" అన్నాడు.

"అయింది."

"ఇగ ధాగ సూసుడు, మాల్ పంపుడు నువ్వే సూస్కో. నాకు కండ్లు సరిగ ఆనుతలెవ్వు."

ఆ పచ్చని కళ్లను చూసి ఆ మాట నమ్మాను. నమ్మాలనుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు పంకజ్‌భాయ్ పోలేదు. అన్న పోయేనాటికి పన్నెండు సాంచెలు పద్నాలుగయ్యాయి, నాలుగో నెంబరు మారింది, పెద్దులు పిల్లలు బడికి పోతున్నారు. నేను దారాలు కడుతూనే ఉన్నాను. తప్పు కాని చోట కూడా అనుమానంతో కట్టేవాణ్ణి. పెద్దులు కొన్నాళ్లకు మళ్లీ మాట కలిపాడు. "సిన్న సేఠ్, ఇగ నా అంగికి గూడ ఒకటి కట్టుండ్రి, గుండీ పోయింది" అన్నాడు.

కాశేలి మాత్రం పోలేదు. మాల్ టెంపోలో పంపేవాణ్ణి. ఆ గోదాములో నాకు ముఖం చెల్లదనిపించేది. ఎప్పుడు పిలిచినా ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. అన్న రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

ఆయనకు తెలుసా, తెలియదా? నాలుగేళ్లు అదొక్కటే ఆలోచన. పెద్దులు చెప్పాడా? ఎల్లుండే బీములు పంపేలా ఏం చెప్పి ఒప్పించాడు? ఒకసారి చెప్పేద్దామనుకున్నాను. వసై పోవడానికి భివండి రోడ్ స్టేషన్‌లో కూర్చున్నాం. అక్కడ బండి కోసం ఎదురుచూడటం తప్ప వేరే పని ఉండదు. అంతకన్నా మంచి చోటు దొరకదు.

"అన్న, గప్పుడు మూడో లాటు పోయింది సూడు..."

"కొత్తాయన ఉన్నడు గద, ఆయనకు వెడల్పు మడత కావాల్నో ఏమో. అడుగుడు మర్చిపోయిన" అన్నాడు అన్న. లేచి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు. తిరిగి వచ్చేసరికి నాకు ధైర్యం పోయింది.

అన్న పోయినరోజు పంకజ్‌భాయ్ వచ్చి, చేతులు జోడించి వెళ్లిపోయాడు. బీముల మాట ఎత్తలేదు. ఎత్తే సమయమూ కాదు. కానీ పదకొండో రోజు దాటాక పెద్దులు అడగనే అడిగాడు.

"ఉంటడా ఆయన?"

నాకు తెలియదు. ఆయన నమ్మింది గాలయ్యను. నేను ఎవరు? కొత్త పార్టీ దగ్గరికి అన్న ఎట్లా పోయేవాడో అట్లాగే పోవాలనుకున్నాను. మొదట ఏ ప్రశ్న అడగాలో ఆటోలో గుర్తొచ్చింది. ఇంతకుముందు నేసినవాడితో మీకేం ఇబ్బంది అయింది అని, నేను మా అన్న గురించి అడగాలి.

గోదాములో పంకజ్‌భాయ్ లేడు. విఠల్ అని, మాల్ దింపించుకునే మరాఠీ మనిషి ఉన్నాడు. ఫోన్‌లో మాట్లాడటం తప్ప ఎప్పుడూ చూడలేదు. నేనెవరో చెప్పుకున్నాను. ఇక మీద పని ఎట్లా నడుస్తుందో కొత్తగా మాట్లాడుకుందామని వచ్చానన్నాను.

"కొత్తగా ఏం మాట్లాడతావు? సోమవారం బీములు బండెక్కుతాయి" అన్నాడతను.

"అయితే మా అన్న పేరు తీసి నా పేరు పెట్టుకోండి" అన్నాను.

విఠల్ నా వైపు వింతగా చూశాడు. లోపలికి రమ్మన్నాడు. అక్కడ ఒక్కో కార్ఖానా మాల్‌కు ఒక్కో అర ఉంది. అరకు పైన రేకు ముక్క, దాని మీద రంగుతో కార్ఖానా వాళ్ల పేరు. మా బట్టలున్న అర మీద మరాఠీలో "కిషన్, నాగావ్" అని ఉంది. అంచుల్లో రంగు పెచ్చులూడింది. ఈ వారంలో రాసింది కాదు.

ఎప్పుడు రాశారని అడిగాను.

"ఆ గీతల మాల్ వాపసు వచ్చిన రోజు. మీ అన్న ఒళ్లంతా పచ్చగా ఉంది, నిలబడలేకపోతున్నాడు. ఇక నుంచి దారాలు చూసి మాల్ పంపేది తమ్ముడేనని, తన పేరు చెరిపించి ఇది రాయించాడు. ఇంటికి పొమ్మంటే వినలేదు. రంగు ఆరేదాకా ఇక్కడే కూర్చున్నాడు."